కరకట్ట చూద్దామని వెళ్లి ఇసుకలో తిరిగొచ్చాం

నెదర్లాండ్స్ వెళ్తున్నామంటే అందరూ తులిప్ తోటల గురించే అడిగారు. నాకు మాత్రం సముద్రాన్ని ఆపే గోడలు చూడాలని ఉండేది. దేశంలో నాలుగో వంతు సముద్రమట్టం కంటే కిందే ఉంది, 1953లో జనవరి 31 రాత్రి వచ్చిన ఉప్పెనలో ఆ ఒక్క దేశంలోనే 1836 మంది పోయారు, అలాంటివాళ్లు ఒడ్డు పొడవునా ఏ కోటగోడో కట్టుకుని ఉంటారని నా ఊహ. తీరా చూస్తే ఆ ఒడ్డులో దాదాపు ముప్పావు వంతుకు కాపలా కాసేది ఇసుక దిబ్బలు. ఉత్త ఇసుక, దాని మీద గడ్డి.

మార్చిలో మూడు రోజులు, నేనూ మా బావమరిదీ. మొదటి రోజు ది హేగ్ పక్కన కైక్‌డౌన్ దగ్గర ఒడ్డు మీదికి దిగి, దక్షిణంగా టెర్ హైడ అనే చిన్న ఊరి వైపు నడిచాం. గాలి ఎదురు. కంట్లో ఇసుక, చెవుల్లో ఇసుక, ఫోన్ ఛార్జర్ పెట్టే బొక్కలో కూడా ఇసుక. "ఏం చూపిద్దామని తీసుకొచ్చారు బావా, ఇసకే కదా" అని వాడు పది నిమిషాలకోసారి అడగడం, నేను వినపడనట్టు నడవడం.

వాడు ఊరుకోకుండా ఫొటో కోసం కంచె దాటి దిబ్బ మీద గడ్డిలోకి రెండడుగులు వేశాడు. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దావిడ ఆగి డచ్చిలో ఏదో గట్టిగా అంది, మా మొహాలు చూసి ఇంగ్లీషులో మళ్లీ అంది. కోపంగా మొదలుపెట్టింది గానీ చివరికి పాఠమే చెప్పింది. జనం రోజూ తొక్కితే గడ్డి చచ్చి కాలిబాట పడుతుందట, ఆ బాటలో గాలి దూరి ఇసుకను తవ్వుకుంటూ పోతే అదే గండి అవుతుందట, తుఫాను నాడు నీళ్లు ముందు వెతుక్కునేది ఆ గండినే. నిజమే అనిపించి ఇద్దరం సారీ చెప్పాం. ఆ సారీ మూడో రోజు గుర్తొచ్చి కొంచెం ఒళ్లు మండింది, అది తర్వాత.

ఆ గడ్డి సంగతి కాస్త చెప్పాలి. ఇంగ్లీషులో మారమ్ అంటారు, శాస్త్రీయ నామం అమోఫిలా, అంటే ఇసుకంటే ప్రేమ ఉన్నది అని. ఉప్పుగాలిని తట్టుకునే గడ్డి చాలానే ఉంది, దీని గొప్ప అది కాదు. పూడ్చిపెడితే పెరుగుతుంది! ఏడాదికి మీటరు మందాన ఇసుక మీద పడినా దాన్ని చీల్చుకుని పైకొచ్చి కొత్త వేళ్లు వేస్తుంది. పాత వేళ్లను నేలలోని సూక్ష్మమైన పురుగులు, బూజులు పట్టుకుంటాయి, పైన తాజా ఇసుక పడుతూ ఉంటే గడ్డి వాటిని కింద వదిలేసి పైకి తప్పించుకుంటుంది. ఇసుక రావడం ఆగిపోతే మాత్రం నీరసపడి పలచబడుతుంది. చలికాలంలో దుబ్బులు దుబ్బులుగా నాటుతారు, అక్కడక్కడా ముళ్లకొమ్మల తడికలు పాతుతారు. తడిక దగ్గర గాలి మందగిస్తుంది, మోస్తున్న ఇసుకను అక్కడే దించేస్తుంది, మేట పడుతుంది. కొన్ని వారాల్లో తడిక మునిగిపోతే దాని పైన ఇంకోటి.

మరి ఇసుక కుప్ప ఉప్పెనను ఎలా ఆపుతుంది? నిజానికి అది గోడలా నిలబడి ఆపదు, కరిగిపోతూ ఆపుతుంది. పోటు మీద తుఫాను వచ్చి నీటిమట్టం లేచినప్పుడు అలలు దిబ్బ పాదాన్ని కోస్తాయి, పైనుంచి ఇసుక పెళ్లలు పెళ్లలుగా జారి నీళ్లలో పడి ముందు పరుచుకుంటుంది. దాంతో అక్కడ లోతు తగ్గి, వెనక వచ్చే అలలు దిబ్బ దాకా రాకుండా దూరంలోనే విరిగిపోతాయి. తుఫాను అయిపోవడానికీ దిబ్బ అయిపోవడానికీ మధ్య పందెం అది. తర్వాతి నెలల్లో చిన్న అలలు ఆ ఇసుకనే మళ్లీ ఒడ్డుకు తెస్తాయి, నీళ్లు వెనక్కి తగ్గే పాటు వేళ అది ఆరుతుంది, గాలి ఎత్తుకుంటుంది, గడ్డి పట్టుకుంటుంది. మేం నడిచిన దారిలో ఒకచోట దిబ్బ ముఖం కేకు కోసినట్టు నిలువుగా కోసి ఉంటే వాడు "అయ్యో, పాడైపోయింది" అన్నాడు. పాడవలేదు, డ్యూటీ చేసొచ్చింది.

చిక్కల్లా, పోయిందంతా తిరిగి రాదు. కొంత ఇసుక ఒడ్డు వెంట కొట్టుకుపోతుంది. అందుకే 1990లో ప్రభుత్వం అప్పుడున్న తీరరేఖే హద్దు, ఇక వెనక్కి తగ్గేది లేదని నిర్ణయించింది. 1965 నుంచి ఏటా తీరం పొడవునా ఒడ్డు వాలును కొలుస్తున్నారు, రేఖ వెనక్కి జరిగిన చోట సముద్రం నుంచి ఇసుక తెచ్చి పోస్తారు. ఏడాదికి సుమారు 1.2 కోట్ల ఘనపు మీటర్లు. అది కూడా 20 మీటర్ల లోతు దాటిన చోటనుంచే డ్రెడ్జర్లతో తవ్వాలి, దగ్గర్లో తవ్వితే ఒడ్డు ఇసుకే ఆ గుంటలోకి జారుతుంది, అప్పుడు ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టుకున్నట్టే. పోసేదంతా బీచ్ మీదే పొయ్యరు, చాలామటుకు ఒడ్డుకు కాస్త అవతల నీళ్లలోనే వదిలేస్తారు, తెచ్చిపెట్టే పని అలలదే.

ఆ లెక్కను ఒక్కసారిగా పెంచి చూసిన చోటే మేం నడుస్తున్నది. ఇసుక మోటారు అని పేరు. డెల్ఫ్ట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్సెల్ స్టీవ్ ఆలోచన. నాలుగైదేళ్లకోసారి కొంచెం కొంచెం పోసి ప్రతిసారీ అక్కడి జీవాలను కప్పెట్టే బదులు, 2011లో ఒకేచోట 2.15 కోట్ల ఘనపు మీటర్లు పోసి, కొక్కెం ఆకారంలో కిలోమీటరు దాకా సముద్రంలోకి పొడుచుకొచ్చేలా చేసి, ఇక మీరే పంచుకోండి అని గాలికీ అలలకూ వదిలేశారు. ఇరవై ఏళ్లు సరిపోతుందని అంచనా. ఇప్పుడు కొక్కెం గుర్తుపట్టలేం, అరిగి రెండు వైపులా పాకింది. అనుకున్నట్టే అంతా జరగలేదు కూడా. ఎగిరిన ఇసుకలో చాలా భాగం మధ్యలో వదిలిన మడుగుల్లో పడిపోయి వెనక దిబ్బలు అనుకున్నంత వేగంగా పెరగలేదు. పైగా నేల మీద ఆల్చిప్పల పెంకులు ఎంత దట్టంగా పరుచుకున్నాయంటే, కాలితో పక్కకు నెడితే గానీ కింది ఇసుక గాలికి లేవడం లేదు, నేను చేసి చూశాను. ఈ ఇసుక ఒకప్పుడు నేలగా ఉన్న సముద్రగర్భంలోది కాబట్టి మామత్‌ల (ఎప్పుడో అంతరించిన బొచ్చు ఏనుగుల) ఎముకలు, పళ్లు దొరుకుతాయి. మా వాడు గంటసేపు వెతికాడు. నల్లరాళ్లు దొరికాయి.

రెండో రోజు కట్‌వైక్ అనే సముద్రపు ఒడ్డు ఊరు. నేను చూడాలనుకున్న కరకట్ట ఇక్కడుంది, కానీ కనపడదు. ఇదివరకు రక్షణ కట్ట ఊరి లోపలినుంచి పోయేది, అంటే కొన్ని వీధులు దానికి బయట, సముద్రం వైపు ఉండేవి. ఎత్తు గోడ కడితే సముద్రం కనపడదు కాబట్టి బీచ్‌ని వెడల్పు చేసి, రాళ్లు పేర్చిన కట్టను దిబ్బ లోపల పెట్టి పైన గడ్డి నాటారు. దాని వెనక భూమిలో 650కి పైగా కార్లు పట్టే పార్కింగ్, అది 2015లో తెరిచారు. పార్కింగ్ లోపలికి వెళ్లొచ్చి, పైకెక్కి, కట్ట ఎక్కడని చుట్టూ చూసి, నిలబడింది దాని మీదేనని ఆలస్యంగా తెలుసుకున్నాం. పెట్టెన్ అనే ఇంకో ఊళ్లో రాతి కట్టకు ముందు, సముద్రం వైపు కొత్త దిబ్బలు పోశారని చదివాను గానీ అక్కడికి వెళ్లే టైం లేదు.

మూడో రోజు బ్లూమెండాల్ దగ్గరి నేషనల్ పార్కు. మొదటి వరస దిబ్బలో ఐదు చోట్ల కావాలని గండ్లు కొట్టారు, 2012, 2013ల్లో, యంత్రాలు పెట్టి! రెండడుగులు వేసినందుకు తిట్లు తిన్నవాళ్లం. కానీ ఇక్కడ దిబ్బల పట్టీ వెడల్పు కొన్ని కిలోమీటర్లు, టెర్ హైడలో అది సన్నటి పట్టీ. వెనక అంత ఇసుక ఉన్నప్పుడు ముందు వరసను బిగించి కూర్చుంటే లోపలి దిబ్బలకు కొత్త ఇసుక అందదు, గడ్డి నీరసిస్తుంది, పొదలు కమ్ముకుంటాయి, నేల పులుపెక్కుతుంది. సముద్రం ఎత్తు పెరుగుతుంటే దిబ్బ కూడా పెరగాలి, అది పెరిగేది ఇసుక లోపలికి వస్తేనే. ఆ గండిలో నిలబడితే మోకాళ్ల ఎత్తున ఇసుక పాములా పాకుతూ లోపలికి పోతోంది. అవతలి వైపు ముళ్లపొదల ఆకుల మీద తెల్లటి పొడి. అక్కడ మాత్రం మా వాడు ఏం చూపిస్తున్నారని అడగలేదు, వీడియో తీస్తూ ఉండిపోయాడు.

వెళ్లేవాళ్లకు ఒక మాట: అక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచే వీస్తుంది. టెర్ హైడలో మొదలుపెట్టి కైక్‌డౌన్ వైపు నడవండి, గాలి వీపుకు తగులుతుంది. మేం రివర్స్‌లో నడిచాం. ఫోన్‌కి కవరు వేసుకోండి, మడుగుల దగ్గర ఈతకు దిగొద్దని బోర్డు ఉంటే దిగకండి, కంచె దాటకండి.