మూడుసార్లు వచ్చే పల్లవి

మావాడు తను కట్టి పాడిన పాట ఒకటి నా చేతిలో పెట్టి "దీనికి వీడియో నువ్వే చెయ్యాలిరా" అన్నాడు. అప్పటికి నాకు ఎడిటింగ్ వచ్చు, ఏడిపించడం రాదు. అంతకుముందు చేసినవన్నీ డాన్స్ వీడియోలు. బీట్ పడ్డ చోటల్లా కట్ కొడితే వాటంతట అవే నడిచిపోయేవి. ఇదేమో ఏళ్ల తరబడి ఉన్న ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతున్న మనిషి పాట. నిడివి 4 నిమిషాల 12 సెకన్లు, వేగం నిమిషానికి 72 బీట్లు.

మొదటి తప్పు కాగితం మీదే చేశాను. సాహిత్యంలో గోడ వస్తే గోడ, తలుపు వస్తే తలుపు అని షాట్లు రాసుకున్నాను. నటించడానికి ఒప్పుకున్నావిడ నాటకాల్లోంచి వచ్చారు. ఆ కాగితం చూసి "పాట చెప్పిందే బొమ్మా చెబితే ఇంక నేనెందుకండీ?" అన్నారు. ఆ రాత్రి మొత్తం కొట్టేసి మళ్లీ రాశాను. పాట ఖాళీ గురించి పాడుతున్నంతసేపూ ఆవిడ పెట్టెలు నింపుతూ ఉంటారు, అంతే.

పల్లవి మూడుసార్లు వస్తుంది. మాట మారదు, బాణీ మారదు. మరి మూడోసారి విన్నప్పుడు మనసులో ఇంకేదో కదలాలంటే ఆ పని కెమెరాదే. మొదటి పల్లవికి 24 ఎంఎం లెన్స్, కెమెరా ట్రైపాడ్ మీద. గదంతా కనిపిస్తుంది, ఆవిడ ఓ మూల చిన్నగా ఉంటారు. రెండోదానికి 50 ఎంఎం, కెమెరా నా చేతుల్లోనే, ఆవిడ వంగితే వంగుతూ, ఆగితే ఆగుతూ. మూడోదానికి 85 ఎంఎం పెట్టి బాగా దగ్గరగా తీశాం. ముఖం ఒక్కటే మిగిలింది, వెనక గది మసకలో కలిసిపోయింది. ఇల్లు దూరమైపోతోందని విడిగా ఇంకే షాటూ పెట్టలేదు.

షూటింగ్‌లో నా ఘనకార్యం వేరే ఉంది. రెండో చరణం స్లో మోషన్‌లో కావాలి, పెదాలు మాత్రం పాటతో కలవాలి. సెకనుకు 48 ఫ్రేములు తీసి 24తో నడిపిస్తే కదలిక వేగం సగమవుతుంది. అందుకని తీసేటప్పుడు పాటను రెట్టింపు వేగంతో వెయ్యాలి, ఆవిడ ఆ వేగానికే పెదాలు కలపాలి. ఇదంతా తెలిసుండీ పొద్దున్నంతా పాటను మామూలు వేగంతోనే వేశాను. పెదాలు కదిలిన షాట్లన్నీ పోయాయి. మధ్యాహ్నం మళ్లీ మొదలుపెడితే స్పీకర్లో మావాడి గొంతు చిలక గొంతులా కీచుమంది. అందరం పగలబడి నవ్వాం. ఆ నవ్వుల మధ్య ఆవిడ విషాదం పలికించాలి పాపం! ఎనిమిదో టేక్‌కి కుదిరింది.

ఎడిటింగ్‌కి కూర్చున్నాక పాత అలవాటు తన్నుకొచ్చింది. 72 బీట్ల పాటలో ఒక బీటుకి సరిగ్గా 20 ఫ్రేములు. రెండు బీట్లకోసారి కొట్టుకుంటూ పోతే దాదాపు 150 కట్లు తేలాయి. మావాడు చూసి "బాగుందిరా" అని ఫోన్ తీసుకున్నాడు. బాగుందన్నవాడు అంత త్వరగా ఫోన్ తియ్యడు కదా.

ఏం జరిగిందో మళ్లీ చూస్తే తెలిసింది. 40 ఫ్రేములంటే రెండు సెకన్లు కూడా లేదు. ఆవిడ ముఖంలో ఏదో మొదలయ్యే క్షణానికి నేను పెట్టె మీదికి వెళ్లిపోతున్నాను. చూసేవాళ్లకి విసుగొస్తుందేమోనని నా భయం. వాల్టర్ మర్చ్ అనే ఎడిటర్ మంచి కట్‌కి ఆరు కొలతలు పెట్టి భావోద్వేగానికి 51 శాతం, లయకి 10 శాతం ఇచ్చాడు. నేను ఆ పదిని పట్టుకుని నూటికి నూరూ దానికే ఇచ్చేశాను.

రెండోసారి శబ్దం ఆపేసి, బొమ్మలు మాత్రమే చూస్తూ వరస పేర్చాను. పాట వేశాక బీటును వదిలి గాయకుడి ఊపిరిని పట్టుకున్నాను. పాదం చివర దీర్ఘం సాగుతున్నప్పుడు కట్ చేస్తే ఆ గొంతు నొక్కేసినట్టుంటుంది. దీర్ఘం తెగి, అతను గాలి పీల్చే చోట కట్ చేస్తే కట్ జరిగిందనే తెలియదు. బీటు మీద పడాల్సినవి మూడే ఉంచాను. వాటిని కూడా బీటు కంటే రెండు ఫ్రేములు ముందే పడేలా జరిపాను, అప్పుడే సరిగ్గా పడ్డట్టు అనిపించింది.

అసలు షాట్ దొరికింది చెత్త ఫుటేజ్‌లో. వెలుతురు కోసం ఎదురుచూస్తూ ఆవిడ ఊరికే కూర్చుని ఉన్నారు, నేను కెమెరా ఆపడం మర్చిపోయాను. 19 సెకన్లు. నటన లేదు, బహుశా ఆలోచన కూడా లేదు. దాన్ని తాళాల గుత్తి తర్వాత పెడితే కోపంగా ఉన్నట్టనిపించింది. మేం తీసిన ఇంట్లో తలుపు చట్రం మీద, ఎవరో పిల్లాడి ఎత్తు కొలుస్తూ గీసిన పెన్సిల్ గీతలున్నాయి. ఎందుకో వాటినీ తీసి పెట్టుకున్నాను. అదే ముఖాన్ని ఆ గీతల తర్వాత పెట్టగానే నా వెన్ను జలదరించింది. పాటలో పిల్లాడు లేడు, వీడియోలో లేడు, ఆ గీతలెవరివో ఆవిడకీ తెలియదు. అయినా అక్కడ ఒక తల్లి కూర్చుని ఉంది. వందేళ్ల క్రితం లెవ్ కులెషోవ్ అనే రష్యన్ దర్శకుడు ఒకే నటుడి ముఖాన్ని వేరువేరు బొమ్మల పక్కన పెట్టి చేసిన ప్రయోగం గురించి చదివాను గానీ, నా ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద చూసేదాకా నమ్మలేదు.

అంతసేపు ఒకే షాట్ ఉంచడానికి చెయ్యి రాలేదు. రెండు రోజులు దాన్ని కోస్తూ, మళ్లీ అతికిస్తూ గడిపాను. 1990లో ఐరిష్ గాయని సినేడ్ ఓకానర్ పాట 'నథింగ్ కంపేర్స్ టు యూ' వీడియో చాలా భాగం ఆమె ముఖం మీదే నడిచింది కదా అని ధైర్యం తెచ్చుకుని మొత్తం ఉంచేశాను. కలర్ పని ఒక్క పూటలో అయిపోయింది. చివరికి మిగిలినవి 43 కట్లు.

మావాణ్ణి పిలిచి వేసి చూపించాను. అయిపోయాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత అనుమానంగా, "ఏరా, చరణం ఏదైనా కోసేశావా? తొందరగా అయిపోయిందే!" అన్నాడు.

టైమ్‌లైన్ చివర అంకె చూపించాను. 4 నిమిషాల 12 సెకన్లు.