లవొదికయలో ‘క’

మేం వెళ్ళే తెలుగు చర్చి డాలస్‌లో ఒక అమెరికన్ చర్చి బిల్డింగ్‌లోనే అద్దెకి నడుస్తుంది. పొద్దున వాళ్ళ ఆరాధన, మధ్యాహ్నం మనది, కాఫీ మెషీన్ ఇద్దరికీ ఒకటే. పోయిన జూన్‌లో ఆ అమెరికన్ చర్చి వాళ్ళు టర్కీకి గ్రూప్ టూర్ పెట్టారు, బైబిల్లో ప్రకటన గ్రంథంలో ఉన్న ఏడు సంఘాల ఊళ్ళూ బస్సులో తిరిగి రావడం, తొమ్మిది రోజులు. మా ఆయనకి సెలవు దొరకలేదు. నేనూ, పదిహేనేళ్ళ మా పెద్దదీ, పదేళ్ళ చిన్నోడూ, అప్పటికి ఒంగోలు నుంచి వచ్చి మూడు నెలలైన మా అమ్మా బయల్దేరాం. అమ్మకి డెబ్బై రెండు, మోకాళ్ళ నొప్పులు, ఇండియన్ పాస్‌పోర్టు. అమెరికా వీసా ఉంది కాబట్టి టర్కీ ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే వచ్చేసింది, మొత్తం ట్రిప్పులో కష్టపడకుండా అయిన పని అదొక్కటే.

ముందు మా ఇంట్లో గొడవ ఒకటి చెప్పాలి. నేను బైబిలు తెలుగులో నేర్చుకున్నదాన్ని, మా అమ్మ వేలు పెట్టి చదివిస్తే అక్షరాలు కూడా అందులోనే దిద్దుకున్నా. కాబట్టి నా నోటికి ఎఫెసు, కొరింథు, పేతురు, యోహాను అనే వస్తాయి. రెండేళ్ళ కింద ఒక ఇంగ్లీషు బైబిల్ స్టడీలో నా వంతు వచ్చి చదువుతుంటే, ఆ ఏడు ఊళ్ళలో ఒకదాని పేరు, ‘లవొదికయ’ అనేశాను, పక్కన కూచున్న ఇద్దరు మొహాలు చూసుకున్నారు, మా పెద్దది మాత్రం బల్ల కిందనుంచి నా కాలు తొక్కి ‘మమ్మీ, లావోడిసియా’ అంది. ఇంటికొచ్చాక నాన్నకి నటించి చూపించి నవ్వింది కూడా. పిల్లలకి తెలీదు గానీ ఆ తర్వాత నేను ఇంగ్లీషులో పైకి చదవడం మానేశాను. తెలుగు ఆరాధనకి రమ్మంటే అది రాదు, ‘అర్థం కాదు, రెండు గంటలు కూచోలేను’ అంటుంది. బలవంతం చేస్తే వస్తుంది, ఫోన్ చూసుకుంటుంది. మీ ఇళ్ళల్లోనూ ఇదే కథ అయ్యుంటుంది లెండి.

టూర్ మొదట్లోనే అమెరికన్లకి నిరాశ మొదలైంది. ఇజ్మీర్ అంటే స్ముర్న, పెద్ద సిటీ, అపార్ట్‌మెంట్ల మధ్యలో పాత అగోరా, అంటే సంత చోటు. రెండో రోజు బెర్గమా, అంటే పెర్గము, కేబుల్ కార్ ఎక్కి కొండమీదికి పోవాలి. ఆ మర్నాడు అఖిసార్, అంటే తుయతైర, ఊరి మధ్యలో షాపులు, ఫెన్సింగ్ లోపల నాలుగు రాళ్ళు, అంతే. మా గ్రూపులో ఒక పెద్దావిడ ఉండబట్టలేక గైడ్‌ని అడిగేసింది, సెవెన్ చర్చెస్ అన్నారు, ఇంతకీ చర్చీలెక్కడ అని. ఆయన ముస్లిం, టర్కీ మనిషి, అయినా బస్సులో అందరికన్నా బైబిలు ఆయనకే బాగా వచ్చు. ఎక్లేసియా అంటే గ్రీకులో కూడుకున్న మనుషులు, బిల్డింగ్ కాదు, అప్పట్లో వీళ్ళు ఎవరో ఒకరి ఇంట్లో చేరేవాళ్ళు, చర్చి కట్టడాలు తర్వాతెప్పుడో వచ్చాయి అని ఓపిగ్గా చెప్పాడు. నేను అమ్మకి తెలుగులో చెప్పాను. అమ్మ నన్ను వింతగా చూసింది. ‘సంఘమనేగా రాసుంది మన బైబిల్లో. సంఘమంటే మనుషులు గాక గోడలా?’ అంది. పెద్దది అది విని, ఏమందో ఇంగ్లీషులో చెప్పమంది. చెప్పాను. ‘హహ్’ అని ఊరుకుంది.

పెర్గములో అది బాగా హుషారైంది. అక్కడ గ్రీకు దేవుడు జియస్ బలిపీఠం ఉండాల్సిన చోట మెట్ల పునాది, పైన చెట్లు, ఇంకేం లేదు. బలిపీఠం బెర్లిన్‌లో ఉంది. 1878లో జర్మన్లు తవ్వడం మొదలుపెట్టి శిల్పాలన్నీ పట్టుకెళ్ళారు. ఇది అన్యాయం కదా అని గైడ్‌తో వాదన పెట్టుకుంది, ఆయనకి అది రోజూ ఉండే వాదనే అనుకుంటా, నవ్వాడు. నేను మెల్లిగా ‘మన అమరావతి స్తూపం పలకలు కూడా లండన్‌లోనే ఉన్నాయి’ అన్నా. ఏ అమరావతి అంది. ఒంగోలు వెళ్ళిన ప్రతిసారీ గుంటూరు మీదుగానే పోతాం, ఒక్కసారి కూడా తీసుకెళ్ళి చూపించలేదు నేను. అది మాత్రం నా తప్పే.

సార్దీసులో చిన్నోడికి నచ్చింది సినగాగ్, యూదుల ప్రార్థనా మందిరం. పెద్ద స్నానాల గది, జిమ్నాసియం ఉన్న కాంప్లెక్స్, దాంట్లోనే ఒక పొడుగాటి హాలు యూదులకి ఇచ్చారు, కింద మొజాయిక్ నేల, బయట గోడవారగా వరసగా షాపులు. ఊరవతల మూల ఎక్కడో కాదు, నడిబొడ్డున. ‘అయితే మనలాగా రెంట్‌కా?’ అన్నాడు వీడు. అద్దెకిచ్చారో రాసిచ్చారో గానీ, పక్కన జిమ్‌లో ఒంటికి నూనె రాసుకుని కుస్తీలు పట్టే గ్రీకు పిల్లలూ, గోడకి ఇవతల తోరా వింటూ కూచున్న యూదు పిల్లలూ, ఆ తల్లులకి కూడా ‘అటు చూడకు, ఇటు చూడు’ అనే పనే ఉండుంటుందని నాకు నవ్వొచ్చింది.

ఆ సాయంత్రం బస్సులోనే ఆ ప్రశ్న వచ్చింది. మా ముందు సీటు పెద్దాయన మంచివాడు, అమ్మకి ప్రతిచోటా చెయ్యి అందించేవాడు. మామూలుగానే వెనక్కి తిరిగి, ‘మీ ఫ్యామిలీ ఎప్పుడు కన్వర్ట్ అయింది?’ అని అడిగాడు. ఇది నాకు అలవాటే. మనవాళ్ళూ అడుగుతారు, వేరే గొంతుతో. నేను నోరు తెరిచేలోపే మా పెద్దది ‘మీదెప్పుడు?’ అంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆయన ఒక్క క్షణం ఆగి పకపకా నవ్వేశాడు, మా తాతలు నార్వే వాళ్ళు, ఎప్పుడో నాకెందుకు తెలుస్తుంది అని. గైడ్ మైకులోంచి, అటూఇటూగా 1000వ సంవత్సరం, ఇక్కడి వాళ్ళ తర్వాత 900 ఏళ్ళకి అన్నాడు. బస్సంతా నవ్వులు.

కానీ రాత్రి హోటల్లో పెద్దది నన్ను వదల్లేదు. ‘నిజంగా ఎప్పుడు? ఎందుకు?’ అంది. ఇన్నేళ్ళూ నేను దాటేస్తూ వచ్చిన మాట ఇది. కులం గురించి అమెరికాలో పుట్టిన పిల్లలకి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి? అమ్మ మంచం మీద మోకాళ్ళకి జెండూ బామ్ రాసుకుంటూ తనే మొదలుపెట్టింది, నన్ను తర్జుమా చెయ్యమంది. మేం మాదిగలం, తోలు పని చేసేవాళ్ళం, ఊరి బావిలో చేద వెయ్యనిచ్చేవాళ్ళు కాదు. 1876 నుంచి పెద్ద కరువు. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వే కాంట్రాక్టు కొంత తీసుకుని మనవాళ్ళకి కూలి ఇప్పించాడు. కూటి కోసం కలిశారు అంటారని, కరువు పనులు నడిచినన్నాళ్ళూ ఎవరు అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. తర్వాత 1878 జులై 3న, ఒక్కరోజే, గుండ్లకమ్మలో 2222 మంది. అమ్మ వాళ్ళ ముత్తాత ఆ రోజే మునిగాడో, ఆ నెలలో ఇంకోరోజు మునిగాడో ఆమెకీ తెలీదు, అడిగి రాసుకున్నవాళ్ళు లేరు. ఆయన కొడుక్కి అక్షరాలొచ్చాయి, మనవడు మాస్టారయ్యాడు, అమ్మ టీచరుగా రిటైరయింది. ‘దొరలు రాకముందే మన పల్లెల్లో యర్రగుంట్ల పేరయ్య తిరుగుతూ బోధ చేశాడు, మనవాడే, తోలు పనివాడే, అది కూడా చెప్పు దానికి’ అంది అమ్మ. తర్వాత బామ్ మూత పెడుతూ, ‘పౌలుది మాత్రం ఏంటి, డేరాలు కుట్టే పనేగా’ అంది, చాలా మామూలుగా.

పెద్దది చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘1878 అంటే పెర్గమమ్ తవ్విన సంవత్సరం కదా’ అంది. అంతకుమించి ఏం అనలేదు, నేనూ కదపలేదు.

అలాషెహిర్‌లో, అంటే ఫిలదెల్ఫియలో, ఇళ్ళ మధ్య పాత బసిలికా స్తంభాలు రెండు మూడు, గబగబా చూసి వచ్చేశాం. మర్నాడు పొద్దున పముక్కలే. కొండంతా తెల్లగా పెరుగు ఒలకబోసినట్టుంటుంది, వేడినీళ్ళ ఊటల్లోంచి సున్నం పేరుకుని అలా అయింది, దానిమీద చెప్పులతో నడవనివ్వరు. అమెరికన్లు ఒక్కో షూ విప్పుతూ, అరికాళ్ళు కాలతాయా, జారుతుందా అని తంటాలు పడుతుంటే అమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని మా ఒంగోలు చర్చి గుమ్మంలో విప్పినంత సుళువుగా వెళ్ళిపోయింది. చిన్నోడు జారి నడుందాకా తడిసిపోయాడు, వాడిది ఇంకో జత బట్టలు బస్సు కింద డిక్కీలో, సరే అదో రభస.

అక్కణ్ణుంచి లోయకి అవతలే లవొదికయ, పది కిలోమీటర్లు. బస్సు దిగగానే టికెట్ల దగ్గర బోర్డు. మా పెద్దది అక్కడే ఆగిపోయింది. నేను టాయిలెట్ కోసం వెతుక్కుంటున్నా. ‘మమ్మీ! ఇక్కడ ‘కె’ ఉంది!’ అని అరిచింది. బోర్డు మీద లావోదికేయా అని ఉంది, టర్కీ వాళ్ళు అలాగే రాస్తారంట. గైడ్‌ని పట్టుకుంది. గ్రీకులో అది ‘కప్పా’ అనే అక్షరం, ఎప్పుడూ ‘క’నే, లాటిన్‌లో ‘సి’తో రాశారు, తర్వాత ఇంగ్లీషువాళ్ళు దాన్ని ‘స’ అని పలికారు అన్నాడాయన. మరి లిడియా? అది లూదియా లాంటిది, అక్కడ ‘ఉ’కి దగ్గర శబ్దం ఉండేది. పీటర్? పేత్రోస్. జాన్? యోఆన్నేస్. ఒక్కో పేరుకీ అమ్మ వైపు తిరిగి ‘అమ్మమ్మా, నువ్వేమంటావ్?’ అని అడుగుతోంది, అమ్మ లూదియ, పేతురు, యోహాను అని అప్పజెబుతోంది, ఎందుకు అడుగుతున్నారో ఆమెకి అర్థం కాలేదు, బైబిలు క్విజ్ అనుకుంది. ఇంగ్లీషులో సిలీషియా అనే కిలికియ కూడా ‘క’నే అని నేనే కలిపాను, ఊరుకోలేక. రెండేళ్ళ కింద కాలు తొక్కిన పిల్ల, ‘సో యు వర్ రైట్’ అంది. కొంచెం కోపంగానే అంది, సారీలు చెప్పే రకం కాదు అది. మా తెలుగు అనువాదం చేసినవాళ్ళు గ్రీకు పలుకుబడినే పట్టుకున్నారు, నేనేదో ఇంగ్లీషుని పాడుచేసి పలుకుతున్నానని ఇన్నాళ్ళూ నేను కూడా అనుకున్నాను చూడండి, పిల్లదాన్ని అనేదేముంది.

అక్కడ నీళ్ళ పైపులు కూడా చూడాలి. ఈ ఊరికి సొంత నీళ్ళు చాలక దక్షిణాన కొండల ఊటల నుంచి తెచ్చుకునేవాళ్ళు. పగిలిన మట్టి గొట్టాలు ఇంకా ఉన్నాయి, లోపల సున్నం పొరలు పొరలుగా పేరుకుని మధ్యలో చిన్న కన్నం మిగిలింది. చిన్నోడు వేలు పెట్టి చూశాడు. అమ్మ వంగి చూసి, ‘మనింట్లో హీటర్ రాడ్డుకి పట్టినట్టే పట్టిందే’ అంది. మా ఇంట్లో బోరు నీళ్ళతో వాడితే రాడ్డు ఆర్నెల్లకి తెల్లగా లావెక్కిపోయేది, చింతపండు పెట్టి గీకేవాళ్ళం. ‘నులివెచ్చగా ఉన్నావు’ అని ప్రకటన గ్రంథంలో ఈ సంఘాన్ని తిట్టిన మాటకి గైడ్ చెప్పిన వివరం, అటు పముక్కలేలో వేడినీళ్ళు ఒళ్ళునొప్పులకి పనికొస్తాయి, ఇటు కొలొస్సయిలో చల్లటి నీళ్ళు తాగడానికి బాగుంటాయి, వీళ్ళవి రెండింటికీ చెడ్డవి. నీళ్ళు పాడుచేసినా దొంగతనంగా మళ్ళించినా జరిమానా అని క్రీ.శ. 114లో రాతి మీద చెక్కించిన చట్టం కూడా ఇక్కడ దొరికింది. మా అమ్మకి అది అన్నిటికన్నా నచ్చింది, మున్సిపాలిటీ ట్యాపులకి మోటార్లు పెట్టేవాళ్ళని గుర్తుచేసుకుని కాసేపు తిట్టింది.

చివర ఎఫెసు. సెల్సస్ లైబ్రరీ ముందు ఫోటో దిగడానికి క్యూ, ఎండ మన వేటపాలెం ఎండలాగే ఉంది. ఒకప్పటి రేవు పట్టణం, ఏరు మేట వేసుకుంటూ పోయి ఇప్పుడు సముద్రం ఎక్కడో కనపడనంత దూరంలో ఉంది. పాతికవేల మంది పట్టే థియేటర్‌లో కూచున్నాం. ఇక్కడే కదా వెండి పనివాళ్ళు పౌలు బోధ వల్ల తమ బేరాలు పోతాయని జనాన్ని రెచ్చగొడితే, అర్తెమి మహాదేవి అంటూ రెండు గంటలు అరిచారు. ‘అంటే బిజినెస్ గొడవ’ అంది పెద్దది. చిన్నోడు పాలరాతి మీద గీసిన ఒక గుండ్రటి గుర్తు కనిపెట్టాడు, చక్రంలో ఎనిమిది గీతలు, చేప అనే గ్రీకు మాటలోని అయిదు అక్షరాలూ ఒకదానిమీద ఒకటి రాస్తే అలా వస్తుందంట, తొలినాటి క్రైస్తవుల గుర్తు అని చెప్తారు. వాడికది ముగ్గులా కనపడింది.

తర్వాత కొండమీద మరియమ్మ ఇల్లు. బయట గోడ నిండా జనం కట్టిన గుడ్డపీలికలు, కాగితాలు, ముస్లిం ఆడవాళ్ళు కూడా వచ్చి కడుతున్నారు, అచ్చం గుణదలే. ‘మనం బాప్టిస్టులం, ఇవి కట్టం’ అని అమ్మ ముందే తేల్చేసింది. కాసేపటికి చూస్తే పొట్టిగా ఉన్న ఒక టర్కీ ముసలావిడకి పీలిక అందక, మా అమ్మ ఆమె చేతిలోంచి తీసుకుని పైన కడుతోంది. అది లెక్కలోకి రాదంట.

ఎయిర్‌పోర్టుకి పోయే బస్సులో పెద్దది ఫోన్‌లో మూడు వరసలు వేసింది, ఇంగ్లీషు పేర్లు, టర్కీ పేర్లు, మూడోది ఖాళీ. అమ్మమ్మని రాసివ్వమంది. అమ్మ ఫోన్‌లో రాయలేనని బోర్డింగ్ పాస్ ప్రింటవుట్ వెనక ఏడు పేర్లూ గుండ్రంగా రాసిచ్చింది, టీచరు రాత. దీనికి తెలుగు అక్షరాలు సగమే వచ్చు, ఎప్పుడో సమ్మర్ క్లాసుల్లో నేర్చుకుని వదిలేసినవి. ఎఫెసు అయింది, స్ముర్న దగ్గర వత్తుతో కుస్తీపట్టింది, పెర్గము అయింది. నాలుగోది తుయ దాకా వచ్చి ఆగిపోయింది.

‘తై అనవే’ అంది అమ్మ, కళ్ళు మూసుకునే. ‘తైతక్కలో తై.’

‘తైతక్క అంటే?’ అంది పెద్దది.