లంక అంటే శ్రీలంక కాదు: గోదావరి మాటలకు అంకీ కార్డులు

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరుగుతున్న కోనసీమ పిల్లవాడికి ‘లంక’ అనే మాట నేర్పాలని కంప్యూటర్‌లో బొమ్మ వెతికితే శ్రీలంక పటం వచ్చి కూర్చుంటుంది. అమ్మమ్మ ఫోన్లో ‘లంకలోకి నీళ్ళొచ్చేశాయిరా’ అన్నప్పుడు వాడికి తెలియాల్సింది ఏటి మధ్య మేట వేసిన నేల, దాని మీద అరటి తోట, అక్కడికి దాటించే పడవ. తయారుగా దొరికే తెలుగు యాప్‌లలో ఏనుగు ఉంటుంది, జిరాఫీ ఉంటుంది. రేవు, గట్టు, బోదె, లాకులు, ఏరు దాటించే పంటు, బొండాం ఉండవు. అందుకే వారాంతపు తెలుగు తరగతులు నడిపే తల్లిదండ్రులకు మేం గట్టిగా చెప్పేది ఇది: పాఠం కంప్యూటర్‌ని చెప్పమనకండి. ఊళ్ళో పెద్దవాళ్ళ గొంతు దాచిపెట్టి, పిల్లవాడు మరిచిపోబోయే రోజున తీసి వినిపించే పని దానికి అప్పగించండి.

ఆ పనికి అంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్ చక్కగా సరిపోతుంది. కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఉచితం, ఐఫోన్ యాప్‌కి మాత్రం డబ్బు కట్టాలి. గుర్తున్న మాటను రోజులు, వారాలు, నెలలు దూరం జరుపుతూ అడుగుతుంది. మరిచిపోయిన మాటను మళ్ళీ దగ్గరికి తెస్తుంది. మొదట మార్చాల్సిన అమరిక ఒకటుంది. రోజుకు 20 కొత్త కార్డులు అని ముందే పెట్టి ఉంటుంది, దాన్ని 5కి దించండి. కొత్తవి 5 అంటే కొన్ని వారాలకు రోజూ తిరగేయాల్సిన పాతవి 50 దాకా చేరతాయి. ఎనిమిదేళ్ళ పిల్లకి అది పది నిమిషాల పని. 20 అలాగే ఉంచేస్తే నెల తిరక్కుండానే రెండొందలు పేరుకుని, పిల్ల ఆ యాప్ పేరెత్తితేనే పారిపోతుంది.

కార్డు ఎలా కట్టామన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. ముందు వైపు గొంతు మాత్రమే పెట్టండి. వెనక ఊళ్ళో తీసిన ఫోటో, దాని కింద తెలుగు మాట. ఇంగ్లీషు అర్థం ఎక్కడా వద్దు, అది కనిపిస్తే పిల్లల కళ్ళు దాని మీదే వాలతాయి, చెవి పనిచేయడం మానేస్తుంది. అక్షరాలు వచ్చిన పిల్లలకు రెండో కార్డు కూడా చేయండి: ముందు తెలుగు మాట, వెనక గొంతు. ఎనిమిదిసార్లు తప్పిన కార్డుకు అంకీ తనంతట తానే ‘జలగ’ అని అర్థం వచ్చే గుర్తు తగిలిస్తుంది. అలాంటి కార్డుకి దాదాపు ఎప్పుడూ ఫోటో తప్పై ఉంటుంది, లేదా గొంతు అస్పష్టంగా ఉంటుంది. పిల్లవాణ్ణి అనకుండా కార్డును మళ్ళీ చేయండి.

గొంతు పట్టడంలోనే ఎక్కువ శ్రమ, ఎక్కువ ఫలం కూడా. తాతయ్యకి మాట రాసి పంపి చదవమంటే బడిలో ఒప్పజెప్పినట్టు చదువుతారు. ఫోటో పంపి మనవడి చేత ‘ఇదేంటి తాతయ్యా?’ అని అడిగించండి. ‘అది బోదెరా, కాలవలోంచి చేలోకి నీళ్ళు దాంట్లోంచే వస్తాయి’ అని జవాబొస్తుంది. మాటా దొరికింది, వాక్యమూ దొరికింది. రికార్డు చేసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపించండి, ఫోన్ నోటికి జానెడు దూరంలో ఉంచమనండి, మాట్లాడే ముందు ఒక క్షణం ఊరుకోమనండి. ఆ నిశ్శబ్దమే తర్వాత ఆడాసిటీ అనే రికార్డింగులు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో హోరు తగ్గించడానికి నమూనా అవుతుంది. నమూనా ఇవ్వకుండా ఆ సాఫ్ట్‌వేర్ హోరును గుర్తుపట్టలేదు. వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ ఓపస్ అనే ఫైలు రూపంలో ఉంటుంది, కొన్ని ఫోన్లలో పలకకపోవచ్చు. ఒకే ఛానెల్‌తో 64 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చితే మూడు సెకన్ల ముక్క 24 కేబీ దగ్గర ఉంటుంది. ఫోటోలను కూడా 800 పిక్సెళ్ళ వెడల్పుకు కుదించండి. లేకపోతే ఒక్కో బొమ్మా మూడు నాలుగు ఎంబీలై సింక్, అంటే ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ కార్డులు ఒకేలా ఉంచే పని, బాగా నెమ్మదిస్తుంది.

మాటల పట్టికను ఎక్సెల్‌లో రాసి అంకీలోకి దిగుమతి చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారడం అందరికీ ఎదురయ్యే చిక్కే. భద్రపరిచేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకుంటే అది ఉండదు. ఊరి నుంచి ఎవరైనా పంపిన పాత పాఠాల పీడీఎఫ్‌లోంచి కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాల చెత్త వస్తుందంటే, అది ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ఆకారాలు పెట్టిన పాత ‘అను’ ఫాంట్లలో కూర్చిన పాఠమన్నమాట. దాంతో కుస్తీ పట్టకుండా మళ్ళీ టైపు చేసుకోవడం నయం. తరగతిలో అందరికీ పంచేటప్పుడు మీడియాతో కలిపి ఎగుమతి చేయండి, షెడ్యూలు సమాచారం అన్న టిక్కు తీసేయండి. అది ఉంటే ఒక పిల్ల మరుపు లెక్కలు మిగతా పిల్లలందరికీ అంటుకుంటాయి.

ఇంగ్లీషు గడ్డ మీద పెరిగిన చెవికి త–ట, ద–డ తేడా పట్టదు, ఒత్తు పట్టదు. పాత–పాట, పది–పడి, గుడి–గుడ్డి, కల–కళ వంటి జంటలు ఒకే గొంతులో పక్కపక్కనే రికార్డు చేయించి ‘విన్నది ఏది?’ అని అడిగే కార్డులు చేయండి. వాయిస్ టైపింగ్‌తో పిల్లల ఉచ్చారణకు మార్కులు వేయకండి. అది చుట్టుపక్కల మాటలను బట్టి ఊహించి తప్పును సరిదిద్ది రాసేస్తుంది, పిల్లవాడు సరిగ్గానే పలికానని నమ్ముతాడు. అనువాద యాప్‌ల మీద మాకు ఇంకా పెద్ద ఫిర్యాదుంది. ఎవరితో మాట్లాడుతున్నామో వాటికి తెలియదు. రా, రావే, రండి అన్నవాటిలో మామ్మతో ఏది, పక్కింటి మాస్టారితో ఏది అన్నది ఇంటింటికీ మారుతుంది. మీ ఇంటి వాడుకనే రికార్డు చేయండి. ‘ఆయ్’, ‘అలాగేనండి’ కూడా కార్డులే.

టైపింగ్‌లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతిని ఆపేయండి. దాంట్లో పాట, పాత, పట అన్నీ ఒకే మూసలో పడతాయి. తెలుగు అక్షరాలే కనిపించే కీబోర్డు మీద ‘ద్రాక్షారామం’ కొట్టించండి. కంటికి నాలుగే అక్షరాలు. గుర్తులు విడివిడిగా నొక్కితే పన్నెండు: ద, పొల్లు, ర, దీర్ఘం, క, పొల్లు, ష, దీర్ఘం, ర, దీర్ఘం, మ, సున్నా. ఒత్తు ఎలా పుడుతుందో నల్లబల్ల మీద కన్నా ఇక్కడే తేటగా కనిపిస్తుంది. తెరమీద వరసల మధ్య దూరం పెంచండి, ఇరుకైతే పై వరస ఒత్తులు కింది వరసలోకి దిగిపోతాయి.

పటం పాఠానికి గూగుల్ ఎర్త్ చాలు. కొత్త ప్రాజెక్టు తెరిచి, ధవళేశ్వరం దగ్గర మొదటి గుర్తు పెట్టండి. గోదావరి మీద కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయిన చోటు అది. అక్కణ్ణుంచి గౌతమి ఒక పక్కకి, వశిష్ఠ ఒక పక్కకి. వశిష్ఠలోంచి వైనతేయ చీలి ఓడలరేవు దగ్గర, వశిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తాయి. తర్వాత ప్రతి పిల్లా తన ఊరు వెతికి, ఆ ఊరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో ఏ దాంట్లో ఉందో, చేలకి నీళ్ళు ఏ కాలువవో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి గుర్తు పేరు తెలుగులో రాయాలి.

ఆ ప్రశ్న తరగతి నుంచే అడిగించాలంటే గడియారం చూసుకోండి. డాలస్‌లో ఉదయం 10 అంటే వేసవిలో ఊళ్ళో రాత్రి 8:30, నవంబరులో అమెరికా గడియారం మారాక 9:30. పల్లెల్లో అప్పటికి పెద్దవాళ్ళు పడుకుంటారు కాబట్టి చలికాలం తరగతి గంట ముందే మొదలుపెట్టండి. వీడియో కాల్లో అందరూ కలిసి పద్యం చదవబోతే గొంతులు ఒకదాని వెనక ఒకటి వచ్చి గందరగోళం అవుతుంది. ఒక్కరు తప్ప మిగతావాళ్ళు మైకు ఆపాలి.

ముక్కలు కత్తిరించాక అసలు రికార్డింగును చెరిపేయకండి. ఫైలు పేరులో ఎవరి గొంతు, ఏ ఊరు, ఏ తేదీ అన్నది రాసి, రెండు చోట్ల దాచండి. పిల్లలు ఒంటి మాటలు దాటి వాక్యాలకు వచ్చినప్పుడు చేయాల్సిన కార్డులన్నీ వాటిలోనే ఉంటాయి.