కాన్సెప్ట్ ఫోన్లలో స్క్రూలు ఎక్కడుంటాయి?

కాన్సెప్ట్ ఫోన్లు, అంటే అమ్మటానికి కాకుండా రేపు ఫోన్ ఇలా ఉండొచ్చని ఊహించి చూపించేవి, వాటి వీడియోలు చూడటం నాకు చాలా ఏళ్ళ నుంచి అలవాటు, గాజు పలకలా అటు నుంచి ఇటు కనపడేవి, చుట్ట చుట్టి జేబులో పెట్టుకునేవి, మణికట్టుకి కడియంలా తొడుక్కునేవి, ఏది వచ్చినా వదలను. కానీ ఈమధ్య ఏ వీడియో పెట్టినా నా కళ్ళు ఒక్కదాని కోసమే వెతుకుతున్నాయి. దీన్ని విప్పాలంటే ఎలా? స్క్రూలు ఎక్కడ? బ్యాటరీ ఎటు నుంచి బయటికొస్తుంది? అది మాత్రం దాదాపు ఎవరూ చూపించరు.

ఇదంతా అమ్మ ఫోన్ వల్ల మొదలైంది. సంక్రాంతికి ఊరెళ్తే ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి "ఒరేయ్, ఇది అప్పడంలా ఉబ్బింది చూడరా" అంది. వెనక అద్దం ఒక మూల లేచిపోయింది, లోపల బ్యాటరీ పాతబడి గ్యాస్ పట్టి ఉబ్బిందన్నమాట. ఇంక ఛార్జింగ్ పెట్టొద్దని చెప్పి స్విచాఫ్ చేసి జాగ్రత్తగా హైదరాబాద్ తెచ్చా. సర్వీస్ సెంటర్లో అడిగితే ఈ మోడల్‌కి బ్యాటరీ రావట్లేదు, కొత్త ఫోన్ తీసుకోండి అన్నారు. స్క్రీన్ బావుంది, కెమెరా బావుంది, అమ్మకి కావాల్సిన వాట్సాప్ బంగారంలా నడుస్తోంది, ఒక్క బ్యాటరీ కోసం మొత్తం ఫోన్ పారేయమంటే నాకు నిజంగా బాధేసింది.

ఫోన్లు రిపేరు చేసే జగదీష్ మార్కెట్‌కి తీసుకెళ్ళా. అక్కడ ఒక కుర్రాడు చూసి "గ్లూతో అతికించిండ్రన్నా, విప్పేటప్పుడు డిస్‌ప్లే పోతే నాది జిమ్మెదారి లేదు" అని ముందే చెప్పాడు. సరే అన్నా. కొంచెం కొంచెంగా వేడి చేస్తూ, పల్చటి ప్లాస్టిక్ ముక్క అంచు వెంట దూరుస్తూ, ఊపిరి బిగబట్టి పని చేస్తుంటే నేను కూడా కదలకుండా నిలబడ్డా. విప్పటానికే ముప్పావు గంట పట్టింది, బ్యాటరీ మార్చటానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ సాయంత్రం ఫోన్ చేసి చెప్తే అమ్మ అడిగింది, "మీ నాన్న పాత నోకియాకి వెనక డొప్ప గోటితో తీసేవాళ్ళం కదరా, దీనికెందుకు రాదు?" అని. నీళ్ళు పోకుండా ఉండాలని, సన్నగా ఉండాలని అతికిస్తారమ్మా అన్నా. చెప్పానే గానీ నాకే ఆ జవాబు సరిపోలేదు, ఎందుకంటే 2014లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్5కి డొప్ప ఊడేది, బ్యాటరీ చేత్తో వచ్చేది, అయినా దానికి ఐపీ67 రేటింగ్ ఉంది, అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుందని.

అసలు నేను మనసు పారేసుకున్న కాన్సెప్ట్ 2013 సెప్టెంబర్లో వచ్చింది. డేవ్ హక్కెన్స్ అని నెదర్లాండ్స్ డిజైనర్, తన కెమెరాలో ఒక చిన్న భాగం పోతే అది దొరక్క మొత్తం కెమెరా పారేయాల్సి వచ్చిందట, దాన్నుంచి ఫోన్‌బ్లాక్స్ అనే ఆలోచన పుట్టింది. ఫోన్ అంటే ఒక పలక, దాని మీద ఇటుకల్లా బ్యాటరీ, కెమెరా, స్పీకర్, ఏది పోతే అదొక్కటే పీకి కొత్తది గుచ్చుకోవచ్చు. ఆ వీడియో ఆ రాత్రి ఎన్నిసార్లు చూశానో. తర్వాత నెలలోనే మోటొరోలా ఇలాంటి ఫోన్ కోసమే పెట్టిన ప్రాజెక్ట్ ఆరాని బయటపెట్టింది, అప్పటికి మోటొరోలా గూగుల్ చేతిలో ఉంది, 2014లో లెనోవోకి అమ్మినప్పుడు కూడా ఆరా టీమ్‌ని మాత్రం గూగుల్ తన దగ్గరే ఉంచుకుంది. ఎండో అనే అస్థిపంజరం లాంటి ఫ్రేమ్, దానికి అతుక్కునే మాడ్యూల్స్ అంటే ఆ ఇటుకల్లాంటివే, మొదట్లో వాటిని పట్టి ఉంచటానికి పెట్టిన అయస్కాంతాలు కూడా ఎంత బావుంటాయో, కరెంటు ఒక్కసారి తాకిస్తే పట్టుకుంటాయి, ఇంకోసారి తాకిస్తే వదిలేస్తాయి, మధ్యలో కరెంటు అక్కర్లేదు. 2015లో ప్యూర్టోరికోలో ట్రక్కుల్లో పెట్టి అమ్మి చూద్దామనుకున్నారు, అదీ ఆగిపోయింది.

2016 మేలో మళ్ళీ చూపించారు. అప్పటికి స్క్రీన్, ప్రాసెసర్, బ్యాటరీ మూడూ ఫ్రేమ్‌లోనే బిగించేశారు, మార్చుకోగలిగేవి కెమెరా, స్పీకర్ లాంటివే. సెప్టెంబర్లో ప్రాజెక్ట్ మొత్తం ఆపేశారు కానీ నాకైతే అది మేలోనే పోయింది.

వాళ్ళ కష్టం అర్థం కాక కాదు. ఫోన్లో ప్రాసెసర్ మీదే మెమరీ చిప్ పేర్చి పెడతారు, అంత దగ్గరగా ఉంటేనే స్పీడు. వాటిని ఇటుకలుగా విడగొడితే ప్రతి ఇటుకకి ఒక గోడ, ఒక కనెక్టర్, పక్కదానితో మాట్లాడటానికి ఒక చిప్, ఇవన్నీ చోటు తింటాయి, ఛార్జింగ్ తింటాయి. కానీ మనకి మామూలుగా పోయేవేంటి? బ్యాటరీ, స్క్రీన్, ఛార్జింగ్ పోర్ట్. వీటికి అయస్కాంతాలెందుకు, నాలుగు మామూలు స్క్రూలు చాలు కదా! ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫేర్‌ఫోన్ అనే చిన్న కంపెనీ 2015 చివర్లో ఫేర్‌ఫోన్ 2తో దాదాపు ఇదే చేసింది. 2023లో వచ్చిన ఫేర్‌ఫోన్ 5 కూడా గోటితో తెరుచుకుంటుంది, అయినా వాన జల్లుకి ఏమీ కాదు.

లాప్‌టాప్‌ల్లో నాకు నచ్చిన కాన్సెప్ట్ డెల్ వాళ్ళ లూనా, 2021 డిసెంబర్లో చూపించారు. మరుసటి ఏడాది దాన్ని ఇంకా మార్చి, తాళంలా పట్టి ఉంచే ఒక్క ముక్క లాగితే స్క్రీన్, కీబోర్డు వదులై వచ్చేలా చేశారు, లోపల గ్లూ లేదు, రోబో నిమిషాల్లో విప్పేస్తుంది. విప్పటాన్నే అందంగా చూపించిన కాన్సెప్ట్ నేను చూడటం అదే మొదటిసారి. అదే 2021లో ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ నిజంగానే అలాంటి లాప్‌టాప్ అమ్మటం మొదలుపెట్టింది, డబ్బాలోనే స్క్రూడ్రైవర్ ఇస్తారు, మరుసటి ఏడు కొత్త ప్రాసెసర్ బోర్డు విడిగా అమ్మారు, పాత బాడీలోనే బిగించుకోవచ్చు.

యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇలాంటి చిన్న పరికరాల బ్యాటరీలు వాడేవాళ్ళే మార్చుకునేలా ఉండాలని చట్టం వస్తోంది, కొన్ని మినహాయింపులున్నాయనుకోండి. మన దగ్గర 2022 డిసెంబర్లో కేంద్రం రైట్ టు రిపేర్ అని, కంపెనీల రిపేరు వివరాలు ఒక్కచోట దొరికే పోర్టల్ పెట్టింది, మంచిదే, కానీ పోర్టల్ చూసి గ్లూ ఊడదు కదా, అది ఫోన్ డిజైన్ గీసే దగ్గరే మారాలి.

అందుకే డిజైన్ చదువుతున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే ఒక్కటి అడుగుతా. మీ ఫోన్‌ని ఎంత వింతగా అయినా గీయండి, మడవండి, చుట్టండి, ఆఖర్న ఒక్క పేజీలో దాన్ని విప్పి పరిచిన బొమ్మ కూడా పెట్టండి. బ్యాటరీ ఎటు నుంచి వస్తుందో బాణం గీసి చూపించండి, అమ్మకి కూడా అర్థమయ్యేలా.