విమానం జాడ తెలిసింది, మనుషులు ఇంటికి చేరలేదు

చెన్నై శివారులోని తాంబరం వైమానిక స్థావరం నుంచి 2016 జూలై 22 ఉదయం పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన వాయుసేన రవాణా విమానం ఏఎన్-32 29 మందితో బంగాళాఖాతం మీద అదృశ్యమైంది. వారిలో ఎనిమిది మంది విశాఖపట్నంలోని నావికాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. చెన్నైలో స్థిరపడిన మావంటి తెలుగు కుటుంబాలకు అది పరాయి వార్త కాలేదు. విమానం ఎగిరింది మా ఊరి నుంచి, గుమ్మాల్లో ఎదురుచూసింది మనవాళ్ళు.

2024 జనవరిలో, ఇక్కడి పళ్ళికరణైలో ఉన్న జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన మానవరహిత జలాంతర వాహనం, చెన్నై తీరానికి దాదాపు 140 నాటికల్ మైళ్ళ దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలను సోనార్‌తో, అంటే ధ్వని తరంగాలతో, పసిగట్టి ఫోటోలు తీసినట్లు వెల్లడైంది. అవి ఏఎన్-32 శకలాలతో సరిపోలాయి. ఆ ప్రాంతంలో మరే విమానమూ గల్లంతైన దాఖలా లేదు. చోటు తెలిసింది గానీ అస్థికలు అందలేదు. దేహం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే విధి మన శాస్త్రంలో ఉంది. అయినా కన్నతల్లి చూస్తుండగా ఆ బొమ్మకు నిప్పు పెట్టడానికి ఎవరికి చేతులాడతాయి?

మంచు కొన్నిసార్లు మనిషిని తిరిగి ఇస్తుంది. 1984 మేలో సియాచిన్ హిమపాతంలో చిక్కుకున్న లాన్స్ నాయక్ చంద్రశేఖర్ హర్బోలా భౌతికకాయం 2022 ఆగస్టులో బయటపడినప్పుడు, ఆయన ఎవరో చెప్పింది సైనిక నంబరు చెక్కిన చిన్న లోహపు బిళ్ళ. ఆ బిళ్ళ ఆధారంగానే 38 ఏళ్ళ తరువాత ఆయన హల్ద్వానీలోని తన కుటుంబం దగ్గరకు చేరారు. 1968 ఫిబ్రవరి 7న 102 మందితో హిమాచల్ ప్రదేశ్ మంచు కొండల్లోని రోహ్‌తాంగ్ ప్రాంతంలో కూలిన ఏఎన్-12 విమానంలోని మరో నలుగురి అవశేషాలు 2024లో దొరికాయి. అప్పటికి 56 ఏళ్ళు గడిచాయి.

బిళ్ళ గానీ జేబులో కాగితం గానీ మిగలనిచోట డీఎన్‌ఏయే ప్రధాన ఆధారం. పాత ఎముకలో కణకేంద్రకపు డీఎన్‌ఏ త్వరగా చెడిపోతుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగాల్లో, ఒక్కో కణంలో వందల ప్రతులుగా ఉండే మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ అంతకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. అది తల్లి నుంచే సంక్రమిస్తుంది కనుక జవాను సొంత బిడ్డల రక్తం ఆ పరీక్షకు పనికిరాదు; తల్లి, తోబుట్టువులు, అక్కచెల్లెళ్ళ పిల్లలు కావాలి. ముఖం చూసి మేనమామ పోలిక అంటామే, ఆ పోలిక ఎముకలోనూ ఉంటుందన్నమాట. అయితే మైటోకాండ్రియల్ పరీక్ష ఒక్కటే మనిషిని ఖాయం చేయదు, ఒకే తల్లి వరుసలోని వారందరికీ అది ఒకటే కనుక. మిగతా ఆధారాలతో కలిపి తేల్చాలి.

అందుకే గుర్తింపు పని ఎముక దొరికిన రోజున కాక, మనిషి కనిపించకుండా పోయిన వారంలోనే మొదలు కావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. దశాబ్దాలు గడిస్తే అమ్మ ఉండదు, తోబుట్టువులూ ఉండకపోవచ్చు. తల్లి నోటి లోపలి నుంచి దూదిపుల్లతో తీసే ఆ చిన్న నమూనాను ప్రభుత్వమే అడిగి తీసుకుని, జవాను పళ్ళ ఎక్స్‌రేలతో పాటు భద్రపరచాలి. ఏఎన్-32లో వెళ్ళిన వారి తల్లుల విషయంలో ఇందుకు ఇంకా వ్యవధి ఉంది.