మా పెద్దబాపు బిస్కెట్ డబ్బా

మా పెద్దబాపు వరంగల్ ఆజంజాహీ బట్టల మిల్లులో పనిచేశాడు. ఆయన దగ్గర ఆగ్ఫా క్లిక్ 3 కెమెరా ఉండేదని అందరికీ తెలుసు. కానీ పెళ్లికి రమ్మన్నా, పుట్టినరోజుకు రమ్మన్నా తీసేవాడు కాదు. మరి దేన్ని తీసేవాడో మేమెవరం అడగలేదు.

దినాలయ్యాక అటక సర్దుతుంటే బిస్కెట్ల రేకు డబ్బా దొరికింది. మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంది. లోపల 61 రోళ్ల నెగెటివ్‌లు, పేపర్లో చుట్టి ఉన్నాయి. అన్నయ్య పారేద్దామన్నాడు, నేను పారేయనివ్వలేదు. చికాగోలో పిల్లల ఆయాగా బతికిన వివియన్ మేయర్ గురించి అంతకుముందే చదివి ఉన్నాను. అద్దె కట్టక 2007లో వేలానికి పోయిన ఆమె సామానులోనే, ఆమె తీసిన ఫోటోల నెగెటివ్‌లు బయటపడ్డాయి. అన్నీ కలిపి లక్షకు పైనే. 2009లో ఆమె పోయాకే లోకానికి పేరు తెలిసింది.

మొదట నాలుగు రోళ్లు ఒక స్టూడియోలో ఇచ్చి తప్పు చేశాను. గుడ్డతో తుడిచారట, గీతలు పడ్డాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మిగతావి నేనే చేశాను. డబ్బాలోని ఆ వెనిగర్ వాసన ఫిల్మ్ పాడవుతున్న గుర్తు. మూసిన డబ్బాలో అది ఇంకా పెరుగుతుంది. అందుకే వాసన వచ్చేవి వేరు చేసి, అన్నింటినీ కాగితం కవర్లలోకి మార్చాను. చుట్టుకుపోయినవాటిని తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన పుస్తకాల బరువు పెట్టాను. దుమ్ముకు, నొక్కితే గాలి వదిలే బుడ్డి ఒక్కటే, తడి తగలనీయలేదు. అంచులు పట్టుకుని లైట్ పలక మీద పరిచి, బాగా దగ్గర నుంచి తీసే మాక్రో లెన్స్‌తో ఫోటో తీసి, కంప్యూటర్లో నలుపును తెలుపుగా, తెలుపును నలుపుగా తిప్పాను. రోలుకు 12 బొమ్మలు. ఐదు నెలలు పట్టింది.

ఒకటి మాత్రం ఎన్నిసార్లు చూశానో. మిర్చి బస్తాల మీద కూర్చున్న ఒకామె, కొంగుతో ముక్కు మూసుకుంది. ఘాటుకు కళ్లల్లో నీళ్లు. కొంగు అంచు చిరిగి, దారం ఒకటి వేలాడుతోంది. పెద్దబాపు ఆమెకు ఎంత దగ్గరగా నిలబడ్డాడో! ఆమె కోపగించుకోలేదు.

మిల్లు గేటు ముందు సైకిళ్లతో నిలబడ్డ పదిమంది ఫోటో ప్రింట్ తీసుకుని పాత కార్మికుల ఇళ్లకు తిరిగాను. "గీడు మా బావ," అన్నాడొక తాత, వేలు పెట్టి. తొమ్మిది పేర్లు దొరికాయి, వెనకాల పెన్సిల్‌తో రాసుకున్నాను. పదో మనిషి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. వచ్చే ఆదివారం ఆయన కోసం మళ్లీ వెళ్తున్నాను.