డయాలసిస్ మొదలయ్యాక అమ్మ భోజనం

మధుమేహం వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్న మా అమ్మకు, డయాలసిస్ అవసరం రానంత కాలం, కిలో శరీర బరువుకు రోజుకు 0.8 గ్రాములకు మించకుండా ప్రోటీన్ పెట్టమని డాక్టరు చెప్పారు. ప్రోటీన్ విరిగినప్పుడు పుట్టే యూరియాను బయటికి పంపవలసింది ఆ మూత్రపిండాలే కనుక, అమ్మ పప్పునూ గుడ్డునూ బాగా తగ్గించుకుంది.

డయాలసిస్ మొదలైన వారంలోనే చెన్నైలోని ఆసుపత్రి డైటీషియన్ ఆ లెక్కను పూర్తిగా మార్చి, కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలన్నారు. యాభై కిలోల మనిషికి అది 50 నుంచి 60 గ్రాములు. "ఇన్నాళ్లూ వద్దన్నారు కదమ్మా" అని అమ్మ ఆవిడను నిలదీసింది. యంత్రంలోని పొర గుండా యూరియాతో పాటు, ప్రోటీన్‌కు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు కూడా రక్తం నుంచి జారిపోతాయనీ, ప్రతిసారీ కొన్ని గ్రాములు అలా పోతాయనీ, తిండితో పూడ్చకపోతే శరీరం కండనే కరిగించుకుంటుందనీ ఆవిడ ఓపికగా వివరించారు.

అసలు కష్టం వంటింట్లో ఎదురైంది. ప్రోటీన్ పెంచితే, దెబ్బతిన్న మూత్రపిండాలు సరిగా బయటికి పంపలేని భాస్వరమూ పొటాషియమూ వెంట వస్తాయి. గుడ్డులో భాస్వరం ఎక్కువగా పచ్చసొనలో ఉంటుంది కాబట్టి, ఒక్కొక్కటి మూడున్నర గ్రాముల ప్రోటీన్ ఇచ్చే తెల్లసొనలు మాకు ఆధారమయ్యాయి. వంజరం చేప వంద గ్రాములు వండితే ఇరవై గ్రాముల దాకా ప్రోటీన్ వస్తుంది. కానీ అమ్మ శనివారం నీచు ముట్టదు. ఆమె డయాలసిస్ రోజుల్లో శనివారమూ ఒకటి. ఆ నియమాన్ని మాన్పించాలని నాకు అనిపించలేదు. డైటీషియన్ కూడా దాన్ని గౌరవించి, నానబెట్టి, ఎక్కువ నీటిలో ఉడికించి, ఆ నీరు వార్చిన పెసరపప్పునూ, కొలిచిన పెరుగునూ ఆ రోజుకు కేటాయించారు. బియ్యంలో కొరవడే లైసిన్ అనే అమైనో ఆమ్లం పప్పులో ఉంటుంది కనుక పప్పన్నం చిన్న భోజనమేమీ కాదు. భాస్వరాన్ని పట్టి ఉంచే మాత్రను మాత్రం ముద్దలతో పాటే వేసుకోవాలి. భోజనమైన చాలాసేపటికి వేసుకుంటే దాని ప్రయోజనం తగ్గిపోతుంది.

దుకాణాల్లో అమ్మే ప్రోటీన్ పొడులను మేము డాక్టరును అడగకుండా కొనలేదు, ఎందుకంటే కొన్నింటిలో పొటాషియమూ భాస్వరమూ గణనీయంగా ఉంటాయి.

కొన్ని నెలలకు అమ్మ రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ డెసిలీటరుకు 3.5 గ్రాములు దాటింది. ఇన్ఫెక్షన్ వచ్చినా అది పడిపోతుంది కాబట్టి, ఆ అంకెతో పాటు పిడికిలి బలాన్నీ, వాపు లేని బరువునూ చూస్తున్నారు.

పెరంబూరులో మా పక్కింటి పెద్దాయన, ఇంకా డయాలసిస్ దాకా రాని తమ్ముడి కోసం, అమ్మ ఆహార పట్టిక అడిగారు. నేను ఇవ్వలేదు. అది ఆ తమ్ముడికి హాని చేయవచ్చని చెప్పి, అతని రిపోర్టులతో డైటీషియన్‌ను కలవమన్నాను.